చుక్క పడిన ఇల్లు

“నిజం చెప్పక్కా. ఇప్పటికైనా చెప్పు. చెబితే ఈ సామానంతా మళ్ళీ పైకి ఎక్కించేస్తాను.”

తమ్ముడు మెట్ల మధ్యలో ఆగి అడిగాడు. బీరువా ఒక కొస అతని చేతుల్లో ఉంది. రెండో కొస పట్టుకున్న మనిషి పైమెట్టు మీద ముందుకీ వెనక్కీ కదల్లేక, మాటలేవీ వినబడనట్టు గోడకేసి చూస్తున్నాడు.

“ఏం చెప్పమంటావురా?”

“ముందుగదిలో ఆ కంప్యూటరు పెట్టుకుని నువ్వేం చేస్తున్నావో, అది.”

“డాక్టర్లు కొలతలు పంపుతారు. చూసుకుంటాను. పళ్ళ సెట్లు చేస్తాను. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నది అదే. నువ్వు చదువుకున్నది ఆ పళ్ళతోనే.”

చివరి మాట అనకుండా ఉండాల్సిందని అన్నాక గాని ఆమెకు తెలియలేదు. తమ్ముడి మొహం ముడుచుకుపోయింది.

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్ళమ్మ అంటారు. నలుగురు పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిపెడుతుంది. ఆ పొద్దున కూడా పనిలోంచి లేచి వచ్చింది. వేళ్ళ సందుల్లో ప్లాస్టరు తెల్లగా ఎండిపోయి ఉంది.

“పోలీసులు కంప్యూటరు తీసుకెళ్ళి వారం ఉంచుకున్నారు. నిన్న తెచ్చిచ్చారు. ఏమీ దొరకలేదన్నారుగా,” అంది.

మరదలు పై వరండాలోంచి వంగి చూసింది. “దొరకలేదన్నారు వదినా. లేదని అనలేదు.”

“నువ్వు కూడానా?”

“నేను కాకపోతే ఇంకెవరు? మొన్న ఎవడో ఇనపకడ్డీతో తలుపు బాదినప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మీరు డాక్టరు దగ్గరికెళ్ళారు. ఈయన ఆఫీసులో ఉన్నారు. ఫోను దొంగిలించారని ఒకడొస్తాడు. ఇంటర్నెట్లో దొంగపేరుతో తనను తిడుతున్నారని ఒకావిడ వస్తుంది. ఎవర్నడిగినా మ్యాప్‌లో ఈ ఇల్లే చూపించిందంటారు. ఊళ్ళో ఇన్నిళ్ళుంటే మనింటికే ఎందుకు చూపిస్తుంది?”

ఆ ప్రశ్న పళ్ళమ్మ తనకు తాను రెండేళ్ళుగా వేసుకుంటున్నదే.

“పందొమ్మిది మంది,” అన్నాడు తమ్ముడు. “నేను లెక్కపెట్టాను.”

“ఇరవై మూడు. నువ్వు ఇంట్లో లేనప్పుడు వచ్చినవాళ్ళ సంగతి నీకు చెప్పలేదు. కంగారుపడతావని.”

“చూశావా!” అతను బీరువాను మెట్టు మీద దభాలున ఆనించాడు. “ఇంకా ఏమేం చెప్పలేదు?”

పైమెట్టు మీది మనిషి గొంతు సవరించుకుని, “బరువుగా ఉందండి” అన్నాడు. బీరువా కిందికి దిగింది.

వ్యాను కదిలేముందు మరదలు దగ్గరికొచ్చి, “వేళకి తినండి వదినా” అంది. కోపంగా అని ఉంటే బాగుండేదనిపించింది పళ్ళమ్మకు.

వ్యాను మలుపు తిరిగింది. బీరువా రెండో కొస మోసిన మనిషి మాత్రం గేటు దగ్గరే ఉండిపోయాడు. యాభై దాటి ఉంటాయి. కింది దవడ కాస్త ముందుకుంది. నీలం చొక్కా జేబు మీద సిటీబస్సుల సంస్థ ముద్ర కుట్టి ఉంది.

“మీరు వాళ్ళతో వెళ్ళలేదా?”

“నేను వాళ్ళ మనిషిని కాదండి.”

“మరి?”

“పొద్దున్నే వచ్చాను. సామాను దించుతుంటే ఓ చెయ్యేశాను. మీ తమ్ముడుగారు నన్ను పక్కింటాయన అనుకున్నారు. పక్కింటాయన నేను వ్యానుతో వచ్చాననుకున్నారు.” అతను చూపు దించుకున్నాడు. “పై గదులు చూద్దామని మోశానండి. మా అమ్మాయి ఉందేమోనని.”

ఇరవై నాలుగోవాడు.

ఆమెకు కోపం రావాలి. రాలేదు. రెండేళ్ళలో ఈ గుమ్మంలో నిలబడి తిట్టకుండా మాట్లాడినవాడు ఇతనొక్కడే.

“కింది గదులు కూడా చూడండి,” అని తలుపు బార్లా తెరిచింది.

అతను చెప్పులు విడిచి వచ్చాడు. వంటగది చూశాడు. పడకగది గుమ్మంలోనే నిలబడి చూశాడు. ముందుగదికి వచ్చేసరికి ఆగిపోయాడు. గోడల పొడుగునా అరల్లో ప్లాస్టరు దవడలు వరసలు వరసలుగా ఉన్నాయి.

“ఇవన్నీ ఎవరివమ్మా?”

“ఈ ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళవి.”

“ఇన్ని నోళ్ళు పెట్టుకుని, మీ తరఫున ఒక్కటీ మాట్లాడదే!”

ఆమె నవ్వింది. నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు.

మంచినీళ్ళు తాగి అతను ఫోను తీసి చూపించాడు. కూతురు ఇల్లు వదిలి ఏడు నెలలు. నెలకో మెయిలు. ఏడింట్లోనూ ఒకటే మాట. ‘నాన్నా, బాగున్నాను. వెతకొద్దు.’

“మెయిలు వెనకాల మనకి కనబడని వరసలుంటాయటండి. పంపినవాళ్ళ ఇంటర్నెట్ నంబరు అందులో ఉంటుందట. మా డిపో దగ్గర కంప్యూటర్ల షాపతను ఆ నంబరు వేసి చూశాడు. మ్యాప్ తిన్నగా మీ ఇంటి మీద చుక్క పెట్టింది.”

“అందరికీ అక్కడే పెడుతుంది,” అంది పళ్ళమ్మ. “అమ్మాయి ఎందుకెళ్ళింది?”

అతను గ్లాసు కిందపెట్టాడు. కాసేపు గ్లాసునే చూశాడు.

“ఏమోనండి. నేనెప్పుడూ చెయ్యెత్తలేదు. వాళ్ళమ్మ పోయాక భయం పట్టుకుంది, అంతే. రోజంతా స్టీరింగు ముందుంటాను కదా, మనసేమో ఇంటి మీద. ఎక్కడున్నావమ్మా అని అడిగేవాణ్ణి. తండ్రి ఆ మాట అడగడం తప్పా?”

“తప్పేముంది,” అంది ఆమె.

మ్యాప్ పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఒక సంస్థ పేరుంది. ఏ నంబరు ఎక్కడిదో జాబితాలు రాసి అమ్మేది వాళ్ళే. పళ్ళమ్మ వాళ్ళకు మూడు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. ఆఫీసు మాత్రం ఊరి అవతలి కొసనే ఉంది.

“రెండు బస్సులు మారాలి,” అన్నాడు డ్రైవరు. “పదండి. ఇద్దరం అడుగుదాం.”

బస్సులో అతను కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. ప్రతి స్టాపుకీ అతని కుడికాలు నేలను గట్టిగా నొక్కుతోంది. పళ్ళమ్మ చూసింది. ఆమె చూడటం అతనూ గమనించాడు. “అలవాటండి. వేరేవాళ్ళు నడిపితే నాకు నమ్మకం కుదరదు,” అన్నాడు.

ఆఫీసులో వాళ్ళను మూడు గదులు తిప్పారు. నాలుగో గదిలో ఒక ఇంజనీరు కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పళ్ళమ్మ ఇంటి చిరునామా విని, కంప్యూటర్లో ఏదో కొట్టి చూసి, లేచివెళ్ళి తలుపు వేసొచ్చింది.

“మీ ఇల్లు మాకు తెలుసండీ. అంటే, అక్కడ ఇల్లుందని తెలియదు. మాకది ఒక చుక్క.”

“అర్థమయ్యేలా చెప్పమ్మా.”

“ప్రతి ఇంటర్నెట్ కనెక్షనుకీ ఒక నంబరుంటుంది. కొన్ని నంబర్లు ఏ ఊరివో తెలుస్తాయి. కొన్ని అసలు తెలియవు. ఈ దేశంలోవని మాత్రం తెలుస్తుంది. కానీ మ్యాప్‌కి ‘తెలియదు’ అని చెబితే ఊరుకోదు. ఎక్కడో ఒకచోట చుక్క పెట్టాలి. అందుకని దేశం మొత్తానికి నడిమధ్యలో పెట్టారు. అసలైన మధ్య చోటు ఎక్కడో కొండ మీద వస్తుంది. ఆ అంకెలు మరీ పొడుగ్గా ఉన్నాయని ఎవరో చివర కత్తిరించి రాశారు. కత్తిరిస్తే చుక్క జరిగింది. జరిగి మీ ఇంటి మీద పడింది.”

“అంటే వచ్చినవాళ్ళందరూ...”

“ఎవరి ఆచూకీ తెలియదో, వాళ్ళందరి కోసం మీ ఇంటికొచ్చారు.”

“ఎన్ని నంబర్లు?”

ఇంజనీరు తెర చూసి నెమ్మదిగా చెప్పింది. “మూడు లక్షల పన్నెండు వేలు.”

పళ్ళమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. “మూడు లక్షల మంది ఉన్న ఇంట్లోంచి మా తమ్ముడు పొద్దున్నే ఖాళీ చేసి వెళ్ళిపోయాడమ్మా. చోటు చాలక కాబోలు,” అంది.

ఇంజనీరు నవ్వలేదు. “మీ ఉత్తరాలు అమ్మకాల విభాగానికి వెళ్ళాయి. వాళ్ళు మిమ్మల్ని జాబితా కొనడానికొచ్చినవాళ్ళనుకున్నారు. క్షమించండి అంటే చాలదని తెలుసు. ఇప్పుడే, మీ కళ్ళముందే మార్చేస్తాను. పక్క జిల్లాలో పెద్ద సరస్సుంది. దాని మధ్యలో పెడితే ఎవరి తలుపూ ఎవరూ కొట్టరు.”

“నీళ్ళలోనా?” అన్నాడు డ్రైవరు.

ఇద్దరూ అతనివైపు తిరిగారు.

“రేపు నేను మా అమ్మాయి మెయిలు మళ్ళీ వేసి చూస్తాను. చూడకుండా ఉండలేను. అప్పుడు చుక్క నీళ్ళ మధ్యలో ఉంటుందా?” అతను తెర ముందుకు వంగాడు. “కొండ మీద పెట్టండమ్మా. అడవిలో పెట్టండి. నీళ్ళలో మాత్రం వద్దు.”

ఇంజనీరు వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. చివరికి చుక్క తీసేసి, దేశమంతా పట్టే పెద్ద వలయం ఒకటి గీసింది. కింద ‘ఇంతకన్నా తెలియదు’ అని రాసింది. పైవాళ్ళు ఏమంటారో తర్వాత చూసుకుంటానంది.

“అసలు నంబరు ఎవరింటిదో ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు డ్రైవరు.

“కనెక్షను ఇచ్చిన కంపెనీకి. కోర్టు కాగితం ఉంటేగాని చెప్పరు. అమ్మాయికి ఎన్నేళ్ళండీ?”

“ఇరవై నాలుగు.”

“బాగున్నానని తనే రాస్తోంది కదా?”

“రాస్తోంది.”

అలాంటప్పుడు ఏ కోర్టూ కాగితం ఇవ్వదని అతనికి అర్థమైంది.

తిరుగుదారిలో బస్సు స్టాపుల్లో ఆగుతోంది. అతని కాలు కదల్లేదు.

“పొద్దున దాకా నాకొక ఇల్లుండేదండి,” అన్నాడు. “వెళ్ళి తలుపు తట్టడానికి.”

పళ్ళమ్మకు ఆ పూట విడుదల దొరికింది. ఆ విడుదలే పక్కసీట్లో మనిషిని మింగేసింది.

దిగేముందు అతను ఒక మాట ఒప్పుకున్నాడు. మూడు రోజుల కిందటే కూతురికి మెయిలు రాశాడట. నువ్వున్న ఇల్లు తెలిసింది, వస్తున్నానని. ఇంటి నంబరూ వీధీ సహా మొత్తం చిరునామా రాశాడట.

“సాయంత్రాలు ఒకసారి ఫోను చేయొచ్చా అమ్మా? ఎవరైనా వచ్చారేమో అడుగుతాను. అంతే.”

“చేయండి,” అంది.

ఇంటికి చేరగానే పళ్ళమ్మ తమ్ముడికి ఫోను చేసింది. చుక్క సంగతి, వలయం సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. అవతల గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

“మంచిదే అక్కా. పీడ వదిలింది.”

“ఇంక ఎవరూ రారు. వచ్చేయండి.”

“ఇక్కడ సామాను సర్దేసుకున్నాం అక్కా.”

“అప్పుడేనా?”

“మా ఆవిడకి ఈ ఇల్లు బాగుంది. గాలి వస్తోంది.” అని, “ఆదివారం వస్తాంలే,” అన్నాడు.

ఫోను పెట్టేశాక ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ ఇరవై ముగ్గురూ రాకపోయినా వీళ్ళు వెళ్ళిపోయేవాళ్ళేమో. చుక్క సాకు మాత్రమేనేమో. ఆ మాట ఎవరినీ అడగడానికి లేదు.

ఆదివారం వాళ్ళు రాలేదు.

వారం రోజులు గుమ్మం దగ్గర ఒక్క చప్పుడూ లేదు. ఇనపకడ్డీలు లేవు, తిట్లు లేవు. పళ్ళమ్మ మైనం కరిగించింది, పళ్ళు వరస కూర్చింది, అరగదీసింది. యంత్రం ఆపిన ప్రతిసారీ చెవులు వీధి తలుపు మీదే ఉండేవి. ఎవరూ రాకూడదనే కదా రెండేళ్ళు కోరుకుంది. తీరా రాకపోతే, ఇల్లు ఇంత పెద్దదని ఇప్పుడే తెలిసినట్టుంది.

సాయంత్రం ఆరింటికి మాత్రం ఫోను మోగేది.

మొదటిరోజు అర నిమిషం. “ఎవరైనా వచ్చారామ్మా?” “లేదండీ.” “సరేనండి.” మూడోరోజు అతను ఒక ముసలాయన సంగతి చెప్పాడు. పళ్ళ సెట్టు బస్సు సీట్లో మర్చిపోయి డిపోకి వచ్చాడట, అది మీరు చేసిందేనేమో అన్నాడు. ఐదోరోజు ఇవాళ ఎన్ని దవడలు చేశారని అడిగాడు. ఆమె చెప్పింది. తిన్నారా అని అడిగాడు. దానికీ చెప్పింది. ఆ రోజు మాటలు అరగంట సాగాయి. ఆరోరోజు ఐదున్నరకే ఆమె చేతులు కడుక్కుని ఫోను పక్కన కూర్చుంది. కూర్చున్నందుకు తనమీద తనకే చిరాకేసింది. అయినా లేవలేదు.

ఎనిమిదోరోజు, ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉందనగా, తలుపు చప్పుడైంది.

మెల్లగా, రెండుసార్లు.

ఒకమ్మాయి నిలబడి ఉంది. భుజానికి సంచీ. ముఖంలో అలసట.

“మీరు వెతికేవాళ్ళు ఇక్కడ లేరమ్మా,” అంది పళ్ళమ్మ అలవాటుకొద్దీ. “ఆ మ్యాప్ తప్పు. సరిచేశారు.”

“నేనెవర్నీ వెతుక్కుంటూ రాలేదండీ.”

ఆ అమ్మాయి మాట్లాడుతుంటే పళ్ళమ్మ చూపు ఆమె నోటి మీద నిలిచింది. కింది దవడ, ఆ డ్రైవరుదిలాగే, కాస్త ముందుకుంది. కింది పళ్ళలో ఒకటి పక్కదాని మీదికి ఒరిగి ఉంది. ఇరవై రెండేళ్ళుగా దవడలు చూస్తున్న కళ్ళు అవి. పేరు అడగక్కర్లేకపోయింది.

“లోపలికి రామ్మా.”

అమ్మాయి గుమ్మం దాటి అక్కడే ఆగింది. “ఒకాయన మిమ్మల్ని ఇబ్బందిపెట్టారా? పెద్దాయన. బస్సు డ్రైవరు. ఈ ఇంటి నంబరు వేసి నాకు మెయిలు రాశారు. నేనెప్పుడూ ఈ వీధికి కూడా రాలేదండీ. ఎవరో తెలియనివాళ్ళ గుమ్మంలో కూర్చుని గొడవ చేస్తున్నారేమోనని, రోజూ అదే ఆలోచన. ఉండబట్టలేక వచ్చాను.”

“గొడవేం చేయలేదు. మా బీరువా దించిపెట్టారు.”

అమ్మాయి నవ్వబోయి, నవ్వలేక స్టూలు మీద కూర్చుంది.

“ఆయనకి ఎక్కడున్నానో చెప్పి ఉండొచ్చుగా తల్లీ. ఊరికే ఆ ఒక్క మాట కోసం...”

“ఆ ఒక్క మాట రోజుకి ఎన్నిసార్లో మీకు తెలుసా?” గొంతు పెంచలేదు గాని చేతులు సంచీ పట్టీని మెలిపెడుతున్నాయి. “గంటకోసారి ఫోటో పంపాలి. క్లాసులో ఉంటే బల్ల ఫోటో. షాపులో ఉంటే బోర్డు ఫోటో. పది నిమిషాలు ఆలస్యమైతే బస్సు మధ్యలో ఆపి మా స్నేహితులందరికీ ఫోన్లు. ఒకసారి పరీక్ష హాల్లోకే వచ్చేశారు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ అంతే. ఆయన చెడ్డవారైతే ఎంత సులువుగా ఉండేదో. కాదు కదా.”

పళ్ళమ్మకు డ్రైవరు దించుకున్న చూపు గుర్తొచ్చింది. తప్పేముంది అని అప్పుడు తనే అంది.

“ఇప్పుడు నేనెక్కడున్నానో ఒక్క మనిషికి కూడా తెలియదు,” అంది అమ్మాయి. “మొదటి నెల ఎంత హాయిగా నిద్రపోయానో! ఇప్పుడు... జ్వరమొచ్చి మూడురోజులు పడుకున్నా ఎవరూ అడగలేదు. ఎలా అడుగుతారు? ఎవరికీ తెలియకుండా చేసుకుంది నేనే కదా.”

ఎండ అరల మీదినుంచి దిగిపోయింది. పళ్ళమ్మ లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

“ఆయన ఎలా ఉన్నారు?”

“బాగానే ఉన్నారు. రోజూ ఫోను చేస్తారు.”

అమ్మాయి చటుక్కున తలెత్తింది. “మీక్కూడానా? రోజుకి ఎన్నిసార్లు?”

“ఒక్కసారే. ఆరింటికి.”

అమ్మాయి గోడ గడియారం చూసింది. నాలుగు నిమిషాలు తక్కువ ఆరు. లేచి నిలబడింది.

“నేనొచ్చానని చెప్పకండి. దండం పెడతాను. ఇవాళ వచ్చానంటే రేపటినుంచి మీ గుమ్మంలోనే కూర్చుంటారు. మీకు తెలుసని పసిగట్టారంటే మిమ్మల్నీ వదలరు.”

“అబద్ధం చెప్పమంటావా?”

“నిజం చెబితే ఆయన మారిపోతారా, చెప్పండి.”

పళ్ళమ్మ ఫోనువైపు చూసింది. నిజం చెబితే రేపటి ఆరింటికి ఫోను రాదు. అతను వెతుకుతున్నది దొరికిపోతుంది. చెప్పకపోతే ఎల్లుండీ మోగుతుంది, ఆ ఎల్లుండీ మోగుతుంది. తను అబద్ధం చెప్పాలనుకుంటే అది ఈ పిల్ల కోసమో తనకోసమో తేల్చుకోవడం ఎలా?

అమ్మాయి సంచీ భుజానికి వేసుకుంది. తలుపు దాకా వెళ్ళింది. వెళ్ళి గడియ మీద చెయ్యి వేసి ఆగింది.

ఫోను మోగింది.

మూడోసారి మోగాక పళ్ళమ్మ ఎత్తింది. అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. వెళ్ళలేదు, వెనక్కీ రాలేదు.

“అమ్మా, నేనేనండి.” బస్సుల రొదలో గట్టిగా మాట్లాడటం అలవాటైన గొంతు అది. గదంతా వినిపించింది. “ఇవాళ కొంచెం ఒంట్లో బాగాలేదు, డ్యూటీకి వెళ్ళలేదు. మీకు ఫోను చేసే టైము మాత్రం గుర్తుంది. ఎవరైనా వచ్చారామ్మా?”

తలుపు దగ్గర అమ్మాయి చెయ్యి గడియ మీదినుంచి జారింది. కళ్ళు పళ్ళమ్మ ముఖం మీదే ఉన్నాయి. చెప్పమంటున్నాయో వద్దంటున్నాయో ఆ కళ్ళకే తెలిసినట్టు లేదు.

“అమ్మా? వినబడుతోందా?”

“వినబడుతోందండీ,” అంది పళ్ళమ్మ.

ఇన్నాళ్ళూ తను ఏం చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ఏం చెప్పినా ఈ మనిషి నమ్మేస్తాడు.

“డ్రైవరుగారూ...” అని మొదలుపెట్టింది.